ఒక్క గెంతు... నలభై ఏళ్లు

"ఒరేయ్, అదేంట్రా! వినాయకుడు టోపీ పెట్టుకుని దూకుతున్నాడు!"

సోఫాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. ఎదురుగా టీవీలో ఎర్ర టోపీ, బొద్దు మీసం, వాటికి తోడు ఒక తొండం. ఏనుగైపోయిన మారియో ఆ తొండాన్ని ఒక్క విసురు విసిరేసరికి ముందున్న ఇటుకలు ఠపఠపా రాలిపోయాయి. కింద చాప మీద కూర్చుని ఆడుతున్న మా తొమ్మిదేళ్ల అమ్మాయి వెనక్కి తిరగకుండానే జవాబిచ్చింది.

"వినాయకుడు కాదు నానమ్మా, మారియో. ఆ పండు తింటే ఏనుగైపోతాడు."

"పండు తింటే ఏనుగవడమేంటే?"

"అదంతే."

ఇంతలో అమ్మాయి ఏదో పువ్వును తాకింది. తెర రంగే మారిపోయింది. అప్పటిదాకా బుద్ధిగా నిలబడి ఉన్న ఆకుపచ్చ గొట్టాలు గొంగళిపురుగుల్లా ఒళ్లు విరుచుకుని పాకడం మొదలుపెట్టాయి. ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదకి గెంతుకుంటూ పోతున్నాడు మారియో. ముందు గొయ్యి. "ఆగాగు... పడిపోతాడు... ఆఁ, ఇప్పుడు దూకు!" అంటూ అమ్మ తనే దూకుతున్నట్టు రెండు భుజాలూ పైకి లేపింది. ఒళ్లో చిక్కుడుకాయలు సగం నేలపాలయ్యాయి.

ముప్పై ఏళ్ల కిందట తాడేపల్లిగూడెంలో "ఆ దూకుళ్లు ఆపుతావా లేదా" అంటూ ఇంటి మెయిన్ స్విచ్చే కట్టేసిన మనిషి ఈవిడే.

డాలస్‌లో ఉండే మా బావమరిది మేనకోడలి కోసం సూట్‌కేసులో చాక్లెట్ల మధ్య పెట్టి తెచ్చిన ఆటపెట్టె ఇది. దీని పేరు కూడా స్విచ్చే. అందులోని ఆట 'సూపర్ మారియో బ్రదర్స్ వండర్' 2023 అక్టోబరు 20న విడుదలైంది. దీనికి మూలపురుషుడైన 'సూపర్ మారియో బ్రదర్స్' జపాన్‌లో 1985 సెప్టెంబరు 13న పుట్టింది. 2025 సెప్టెంబరుకు నలభై నిండాయి. నలభై దాటితే మనకు మోకాళ్లు పట్టేస్తాయి. వీడు మాత్రం ఇంకా గెంతుతూనే ఉన్నాడు.

'గేమ్' అంటే ఉలిక్కిపడుతున్న రోజులివి

ఈమధ్య మన పేపర్లలో 'ఆన్‌లైన్ గేమ్' అన్న మాట కనిపించేది ఎక్కువగా అప్పుల కథల్లోనే. రమ్మీలో జీతం పోయింది, బెట్టింగ్ యాప్‌లో పొలం అమ్మిన డబ్బు పోయింది. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద నిషేధ చట్టం తెచ్చింది. ఆ నిషేధం మంచిదే. కానీ ఆ గోలలో వీడియో గేమ్ అన్న ప్రతిదానికీ అదే మసి అంటుకుంది. 'మావాడు గేమ్స్ ఆడతాడండీ' అని చెప్పేటప్పుడు తల్లిదండ్రులు గొంతు తగ్గిస్తున్నారు.

చిత్రం ఏంటంటే, మారియోను పుట్టించిన నింటెండో కూడా మొదట్లో పేకముక్కల దుకాణమే. 1889లో క్యోటో నగరంలో 'హనఫుదా' అనే పువ్వుల బొమ్మల ముక్కలు తయారుచేస్తూ మొదలైంది. జపాన్‌లో జూదగాళ్ల చేతుల్లో నలిగినవే ఆ ముక్కలు. అలాంటి చోటి నుంచి, పందెం ఊసే లేని, గెలిస్తే పైసా రాని ఒక ఆట వచ్చి ప్రపంచాన్ని నలభై ఏళ్లుగా కూర్చోబెట్టింది. అంతలా కూర్చోబెట్టడానికి అందులో ఏముంది? ఒక బొద్దు మనిషి ఎడమ నుంచి కుడికి పరిగెడతాడు, గెంతుతాడు, పడతాడు. అంతేగా?

నేలా? బండా?

ఈ తరహా ఆటల్ని 'ప్లాట్‌ఫారం' గేమ్స్ అంటారు. మనకు ప్లాట్‌ఫారం అనగానే రైల్వే స్టేషన్ గుర్తొస్తుంది కానీ ఇక్కడ దాని అర్థం అరుగు, గట్టు, మెట్టు. కాలు మోపగల చోటు. ఒక అరుగు నుంచి ఇంకో అరుగుకు గెంతాలి. మధ్యలో ఉన్న ఖాళీలో పడకూడదు.

తెలుగు పిల్లలకు ఇది కొత్త సంగతేం కాదు. నేల-బండ ఆడినవాళ్లందరూ ప్లాట్‌ఫారం గేమ్ ఆడినట్టే. దొంగ 'నేల' కోరుకుంటాడు. మిగతావాళ్లం అరుగులెక్కి, రోలెక్కి, బావిగట్టెక్కి నిలబడతాం. నేల వాడిది, దిగామంటే అవుట్. అయినా దిగకుండా ఉంటామా? 'నీ నేల తొక్కానోచ్' అని ఒక కాలు ఆనించి, వాడు అందుకునేలోపు ఎదురు అరుగు మీదకు లంఘిస్తాం. ఆ రెండు అరుగుల మధ్య గాల్లో ఉన్న క్షణం ఉంది చూశారూ, పొట్టలో ఏదో జారినట్టుంటుంది. ఆటంతా ఆ క్షణం కోసమే. 'సూపర్ మారియో'ను తయారుచేసిన షిగెరు మియామోటో, తకాషి తెజుకా కలిసి చేసిన పని, ఆ క్షణాన్ని ఒక బొత్తాం కింద పెట్టడం.

మియామోటో క్యోటో దగ్గర సోనోబే అనే పల్లెటూరి వాతావరణంలో పెరిగారు. చిన్నప్పుడు కొండల్లో తిరుగుతూ ఒక గుహ కనిపిస్తే లాంతరు పట్టుకుని లోపలికి వెళ్లానని ఆయన చాలాసార్లు చెప్పుకున్నారు. మారియో గొట్టంలో దూరి భూమి కిందకు జారినప్పుడల్లా ఆ పిల్లవాడే కనిపిస్తాడు నాకు.

> మీసం ఎందుకొచ్చింది?
>
> మారియో మొదట కనిపించింది 1981లో 'డాంకీ కాంగ్' అనే ఆటలో. అప్పుడు పేరు కూడా లేదు, 'జంప్‌మ్యాన్' అనేవారు. అమెరికాలో నింటెండో గోదాము యజమాని పేరు మారియో సెగాలే. ఆ పేరే ఇతనికి పెట్టేశారు.
>
> నాలుగు చుక్కల్లో నోరు, ముక్కు గీయడం కుదరక మీసం పెట్టారు. జుట్టు గీయడం కష్టమని టోపీ పెట్టారు. పరిగెడుతుంటే చేతుల కదలిక తెలియాలని చొక్కాకూ దాని మీది పట్టీల ప్యాంటుకూ వేర్వేరు రంగులు వేశారు. అలంకారం అనుకున్నదంతా ఇబ్బందిలోంచి పుట్టిందే.

బ్లాక్ అండ్ వైట్ మారియో

మా ఊళ్లో వీడియో క్యాసెట్ల షాపతను 1995 వేసవిలో రెండు గేమ్ పెట్టెలు తెచ్చి అద్దెకు పెట్టాడు. షాపులోనే ఆడితే గంటకు ఐదు రూపాయలు. ఇంటికి పట్టుకెళ్తే రోజుకు నలభై, పైగా ఎవరిదైనా పూచీ. అవి అసలు జపాన్ సరుకు కాదని, దాన్ని చూసి వేరేవాళ్లు చేసిన నకళ్లని చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. 'క్యాసెట్' పెట్టాలి. బొమ్మ రాకపోతే తీసి, దాని మూతి దగ్గర ఉఫ్ అని ఊది మళ్లీ పెట్టాలి. క్యాసెట్ మీద '9999 ఆటలు' అని రాసుండేది. ఓపిగ్గా కిందకు వెళ్తే పది పదిహేను ఆటలే పేర్లు మార్చుకుని తిరిగి తిరిగి వచ్చేవి. మోసమని ఎవరూ అనుకోలేదు. ఆ పదిహేనులో మారియో ఉంటే చాలు.

వేసవి సెలవుల్లో ఒక్కరోజు, నలుగురు పిల్లలం చందా వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాం. మా ఇంట్లో ఉన్నది బ్లాక్ అండ్ వైట్ టీవీ. వెనక యాంటెనా వైరు పీకి, గేమ్ వైరు గుచ్చి, ఛానల్ మర తిప్పుతూ తిప్పుతూ ఉంటే చీమల గుంపులోంచి బూడిద రంగు మారియో బయటకొచ్చాడు. బూడిద ఆకాశం, బూడిద కొండ, బూడిద పుట్టగొడుగు. మాకేం లోటనిపించలేదు. అప్పటికి లోకంలో సినిమాలన్నీ మాకు అలాగే కనిపించేవి.

తర్వాతి సంక్రాంతికి భీమవరంలో మా పెదనాన్నగారింట్లో కలర్ టీవీలో అదే ఆట చూశాను. ఆకాశం నీలం! నిజమైన, నిండు, చలికాలం పొద్దుటి ఆకాశమంత నీలం. ఇటుకలు ఇటుక రంగులోనే ఉన్నాయి. గొట్టాలు పచ్చివరి రంగు. నోట మాట రాలేదు. అప్పుడే ఇంకో సంగతి తెలిసింది. పెద్దవాణ్ని చేసే పుట్టగొడుగు, అదనంగా ఒక 'లైఫ్' ఇచ్చే పుట్టగొడుగు అచ్చు ఒకటే ఆకారం. మొదటిది ఎరుపు, రెండోది ఆకుపచ్చ. బ్లాక్ అండ్ వైట్‌లో ఆ తేడా తెలిసే దారే లేదు. మేం ఎన్ని ప్రాణాల్ని మామూలు పుట్టగొడుగులనుకుని వదిలేశామో!

ఆ రంగులు కూడా దండిగా ఉండి వేసినవి కావు. మా నకళ్లకు అసలైన నింటెండో పెట్టె ఫ్యామికామ్ చూపగలిగిన రంగులు యాభై చిల్లర. ఒక్కో కదిలే బొమ్మకు మూడేసి రంగులకు మించి పెట్టడానికి వీల్లేదు. అయినా ఆకాశానికి నీలం వేశారు. ఇది చిన్న సంగతి కాదు. అంతకుముందు పేరు మోసిన 'స్పేస్ ఇన్‌వేడర్స్', 'ప్యాక్‌మ్యాన్', 'డాంకీ కాంగ్' ఏవి చూసినా వెనకంతా కటిక నలుపే. రాత్రిపూట జరిగే ఆటలవి. మారియో వచ్చి కిటికీ తెరిచాడు.

అంతకన్నా పెద్ద చమత్కారం ఒకటుంది. ఆ ఆటలో పైనున్న మేఘం, కింద ఉన్న పొద రెండూ ఒకటే బొమ్మ. తెలుపు వేస్తే మేఘం, ఆకుపచ్చ వేస్తే పొద. జాగా చాలక చేసిన పని అది. మొత్తం ఆట, అంటే 32 స్టేజీలు, పాటలు, శత్రువులు, కోటలు అన్నీ కలిపి 40 కిలోబైట్లు. పొద్దున్నే మీ ఫ్యామిలీ గ్రూపులో ఎవరో పెట్టే గుడ్ మార్నింగ్ గులాబీల ఫొటో అంతకంటే ఎక్కువ బరువుంటుంది. మేఘమే పొద అన్న రహస్యం లోకానికి చాలా ఆలస్యంగా తెలిసిందంటారు. ఆకారం తప్ప రంగు తెలియని బ్లాక్ అండ్ వైట్ పిల్లలం, మాకైనా ముందే తట్టి ఉండాల్సింది. తట్టలేదు. గొయ్యి మీద నుంచి చూపు తిప్పితే కదా!

గాల్లో ఉండగా మనసు మార్చుకోవచ్చు

రంగులు కళ్లకు. వేళ్లకు దక్కేది గెంతు.

'డాంకీ కాంగ్'లో బొత్తాం నొక్కితే ప్రతిసారీ ఒకటే కొలత గెంతు. 'సూపర్ మారియో'లో అలా కాదు. మెల్లగా తాకి వదిలేస్తే చిన్న ఎగురు. నొక్కి పట్టుకుంటే తన ఎత్తుకు నాలుగింతలు లేస్తాడు. పరిగెత్తి దూకితే ఇంకా దూరం పోతాడు. ఆగమంటే వెంటనే ఆగడు, తడి గచ్చు మీద చెప్పుల్లేకుండా పరిగెత్తినట్టు కాస్త జారతాడు. అన్నిటికన్నా వింత, గాల్లోకి లేచాక కూడా ఇటో అటో తిప్పుకోవచ్చు. ఫిజిక్స్ మాస్టారు చూస్తే సున్నా వేస్తారు. కానీ ఆడేవాడికి అదే ప్రాణం. తప్పు దూకామని సగంలో తెలుస్తుంది, సగంలోనే సర్దుకోవచ్చు. నేల-బండలో ఆ వెసులుబాటు ఉంటే నా మోకాలి మీద ఈ మచ్చ ఉండేది కాదు.

అందుకే కాబోలు, ఈ ఆట ఆడేవాళ్లెవరూ కుదురుగా కూర్చోలేరు. మారియో గెంతితే చేతిలో ఉన్న రిమోట్ కూడా పైకి లేస్తుంది. గొయ్యి పెద్దదైతే ఒళ్లంతా కుడివైపు వాలుతుంది. వాలితే ఆట వినదని అందరికీ తెలుసు, అయినా వాలతారు. చిక్కుడుకాయలు ఒలుస్తున్న డెబ్బై ఏళ్ల మనిషి భుజాలు కూడా లేచాయంటే ఆ గెంతు తెర దాటి వచ్చేసిందన్నమాట.

తర్వాతి తరం ఆటలు ఈ దయను ఇంకాస్త పెంచాయి. అంచు దాటి కాలు గాల్లో పడిన తర్వాత కూడా సెకనులో ఓ చిన్న ముక్కంత సమయం దూకడానికి అనుమతిస్తాయి. పాత కార్టూన్లలో కొండ అంచు దాటేసి, కిందకు చూసుకునేదాకా గాల్లోనే పరిగెట్టే కొయోటీ ఉంటుంది కదా, దాని పేరు మీదే ఈ కిటుకును 'కొయోటీ టైమ్' అంటారు. ఆడేవాడికి ఈ సంగతి తెలియదు. 'భలే అంచు మీద దూకానే!' అని తన భుజం తానే తట్టుకుంటాడు. మనం చిన్నపిల్లల్ని పరుగు పందెంలో గెలిపించినట్టు ఆట మనల్ని గెలిపిస్తోంది. నాకైతే ఇందులో తప్పేం కనిపించదు.

నోరు విప్పని మాస్టారు

ఇంగ్లిష్ సరిగా చదవడం కూడా రాని తాడేపల్లిగూడెం పిల్లలం ఒక జపాన్ ఆటను ఎవరూ చెప్పకుండా ఎలా నేర్చుకున్నాం? పుస్తకం లేదు, సూచనల్లేవు. దీనికి జవాబు మొదటి స్టేజీలోనే ఉంది.

ఆట మొదలవగానే మారియో ఎడమ అంచున ఉంటాడు. కుడివైపంతా ఖాళీ. ఎటు వెళ్లాలో ఇంక చెప్పక్కర్లేదు. నాలుగడుగులు వేయగానే చిటపటలాడే ముఖంతో గోధుమ రంగు పుట్టగొడుగులాంటిది ఒకటి ఎదురొస్తుంది. దాని పేరు గూంబా. ఊరికే నిలబడితే తగులుతుంది, చస్తారు. పోయిందేముంది, నాలుగు క్షణాలు. రెండోసారి దూకుతారు. సరిగ్గా దాని నెత్తి మీద పడితే అది అప్పడంలా అణిగిపోతుంది. ఒక పాఠం అయింది.

పైన ప్రశ్న గుర్తున్న పెట్టెను తలతో కొడితే పుట్టగొడుగు బయటకొస్తుంది. ఇప్పుడే ఒక పుట్టగొడుగు చంపింది కదా, దీన్ని చూసి పారిపోతారు. అది కుడికి పోయి, గొట్టానికి కొట్టుకుని, తిరిగి మీ మీదకే వస్తుంది. దూకి తప్పించుకుందామంటే పైన ఇటుకలు అడ్డం. చాలామందికి తప్పించుకోవడం కుదరదు. తగులుతుంది. తగలగానే పెద్దవాళ్లవుతారు! భయపడ్డ వస్తువే వరమైంది. ఇదంతా కావాలని అమర్చిందేనని మియామోటో తర్వాతి రోజుల్లో వివరంగా చెప్పారు.

ఇంకాస్త ముందుకు వెళ్తే ఎదురెదురుగా రెండు మెట్ల వరుసలు, మధ్యలో నేల. పడినా ఏం కాదు, మళ్లీ ఎక్కొచ్చు. అది దాటగానే అచ్చం అలాంటివే ఇంకో రెండు వరుసలు, ఈసారి మధ్యలో గొయ్యి. ముందు నేల ఉన్నచోట చెయ్యి తిరిగేలా చేసి, తర్వాత నేల తీసేశారు. మా నాన్న సైకిల్ నేర్పినప్పుడు వెనక సీటు వదిలేసిందీ ఇలాగే.

ఈ మొదటి స్టేజీని తయారుచేసింది చివర్లోనట. మిగతావన్నీ చేసి, ఆడేవాడికి ఏమేం తెలియాలో అర్థమయ్యాక, మొదటి పాఠం రాశారు. గూంబా కూడా చివర్లో వచ్చినవాడే. అప్పటికి జాగా దాదాపు అయిపోయింది. అందుకే ఒక్క బొమ్మనే గీసి అటూ ఇటూ తిరగేస్తే నడుస్తున్నట్టు కనిపిస్తుంది.

> కరెంటు పోతే కథ మొదటికి
>
> ఆ రోజుల్లో ఆటను దాచుకునే వీల్లేదు. మేం ఒకే ఒక్కసారి ఆటలో ఆఖరిదైన ఎనిమిదో లోకం దాకా వెళ్లాం. ఊళ్లో కరెంటు పోయింది. నలుగురం చీకట్లో పది నిమిషాలు మాట్లాడుకోలేదు.
>
> మూడు లైఫ్‌లూ అయిపోయాక మొదటికి వెళ్లకుండా ఉండే చిట్కా మాత్రం ఆటలోనే ఉంది. టైటిల్ కనిపిస్తున్నప్పుడు 'ఎ' బొత్తాం పట్టుకుని 'స్టార్ట్' నొక్కితే చనిపోయిన లోకం నుంచే మొదలవుతుంది. ఇది నాకు తెలిసేసరికి నాకు పెళ్లయింది.
>
> కొందరికి చిట్కాలతో పనిలేదు. 2021లో ఒక ఆటగాడు మొత్తం ఆటను 4 నిమిషాల 55 సెకన్లలోపే ముగించేశాడు.

ఆ పాట

కోజీ కొండో కట్టిన ఆ ట్యూన్ గురించి రాయడం కష్టం, మీ మనసులో ఇప్పటికే మోగుతోంది కనుక. పరుగుకు, గెంతుకు తాళం వేసేలా దాన్ని కట్టారు. తెర మీది గడియారంలో అంకె 100 కంటే తగ్గగానే అదే పాట వేగం పెంచుకుంటుంది, దాంతో చేతులు తడబడతాయి. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరిచే శబ్ద సంపదలో 2023లో దీన్ని చేర్చారు. వీడియో గేమ్ సంగీతానికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. 2016 రియో ఒలింపిక్స్ ముగింపులో జపాన్ ప్రధాని షింజో అబే మారియో టోపీ పెట్టుకుని ఆకుపచ్చ గొట్టంలోంచి బయటకొచ్చారు. ఒక దేశ ప్రధాని ఆటబొమ్మ వేషం కట్టినా ఎవరికీ విడ్డూరంగా తోచలేదు.

తోలుబొమ్మలు మళ్లీ వచ్చాయి

1996లో 'సూపర్ మారియో 64' వచ్చింది. మారియో త్రీడీలోకి వెళ్లాడు, ఎటు కావాలంటే అటు పరిగెత్తాడు. పక్కవాటుగా పోయే పాత ఆటల పని అయిపోయిందనుకున్నారు. పదేళ్లకు, 2006లో చేతిలో పట్టుకునే చిన్న డీఎస్ పెట్టె మీద 'న్యూ సూపర్ మారియో బ్రదర్స్' అని మళ్లీ పాత పద్ధతిలోనే ఒకటి వేస్తే మూడు కోట్లకు పైగా అమ్ముడుపోయింది. జనం ఎదురుచూస్తున్నారన్న సంగతి అప్పుడు బయటపడింది.

ఎందుకు ఎదురుచూశారు? త్రీడీలో గొయ్యి ఎంత దూరంలో ఉందో కన్ను తేల్చుకోలేదు. కెమెరా తిప్పుకోవాలి, వెనక ఏముందో చూసుకోవాలి. పక్కవాటు ఆటలో దాపరికం ఉండదు. గొయ్యి ఇంత, నేను ఇక్కడ, అరుగు అక్కడ. మా అమ్మకు త్రీడీ ఆట చూపిస్తే కళ్లు తిరుగుతున్నాయంది. ఇది మాత్రం చూడగానే అర్థమైంది. ఆలోచిస్తే అందులో వింతేం లేదు. నిమ్మలకుంట తోలుబొమ్మలు కూడా పక్కవాటువే. వెనక దీపం, ముందు తెల్ల తెర, దాని మీద ఒకవైపు నుంచి ఇంకోవైపుకు గెంతే ఎర్ర, పచ్చ బొమ్మలు. బొద్దుగా ఉండి దెబ్బలు తింటూ నవ్వించే మనిషి మనకూ ఉన్నాడు, కేతిగాడు. దీపం వెలుగు తోలులోంచి దూసుకొచ్చినప్పుడు ఉండే ఆ నిండు రంగు నాకు 'వండర్' తెర మీద కనిపించింది.

ఇప్పుడు ఈ పద్ధతిలో ఆటలు చేసేవాళ్లు ఒక్క నింటెండోలోనే లేరు. 2017 నాటి 'కప్‌హెడ్' కోసం 1930ల కార్టూన్ల పద్ధతిలో బొమ్మల్ని చేత్తో గీసి, వెనక దృశ్యాలకు నీటిరంగులు వేశారు. 2018లో వచ్చిన 'సెలెస్ట్'లో మనసులో దిగులు మోస్తున్న ఒక అమ్మాయి పర్వతం ఎక్కుతుంది. అది మహా కష్టమైన ఆట. అందుకే కావాలంటే వేగం తగ్గించుకునే, దెబ్బ తగలకుండా చేసుకునే వీలు కూడా పెట్టారు. అలా ఆడినవాణ్ని ఆట చిన్నచూపు చూడదు.

'వండర్' తయారీలో నిర్మాతగా ఉన్నది 1985లో మియామోటో పక్కన కూర్చున్న అదే తెజుకా. ఈసారి ఆలోచనలకు గడువు పెట్టుకోకుండా మొదలుపెట్టారు. మాంసాహారి మొక్కలు కోరస్‌లో పాట పాడే స్టేజీ ఒకటుంది, అది చూసి మా అమ్మాయి ఆడటం మానేసి డాన్స్ చేసింది. తరుముకొచ్చే గడియారాన్ని తీసేశారు. నలుగురు కలిసి ఆడొచ్చు. పడిపోయినవాడు దెయ్యంలా గాల్లో తేలుతూ వస్తాడు, తోటివాళ్లు కొన్ని క్షణాల్లోపు తాకితే బతికిపోతాడు. అన్నిటికన్నా, దెబ్బ తగలని పాత్రలు కొన్ని పెట్టారు. యోషీ అనే డైనోసార్ పిల్లకు శత్రువు తగిలినా ఏమీ కాదు. గోతిలో పడితే మాత్రం చావక తప్పదు. చిన్నపిల్లలు, నానమ్మలు కూడా ఆడతారని ఎవరో ఆలోచించారన్నమాట.

పడితే ఎంతవుతుంది?

ఈ ఆట హాయి ఎక్కడుందని చాలాసార్లు ఆలోచించాను. రంగులు, పాట, గెంతు అన్నీ నిజమే. కానీ మా అమ్మాయిని పక్కనుంచి చూస్తుంటే ఒకటి తట్టింది. ఒకే గోతిలో అది వరసగా పదకొండు సార్లు పడింది. పదకొండు సార్లూ "అబ్బా!" అంది, నవ్వింది, మళ్లీ మొదలుపెట్టింది. అదే పిల్ల లెక్కల్లో ఇరవైకి పదిహేడు వస్తే ఆ కాగితం సంచిలోంచి తీయడానికి రెండు రోజులు పడుతుంది. ఆ మూడు మార్కులు ఎక్కడ పోయాయని నేనే అడుగుతాను కాబట్టి. గొయ్యి అలా అడగదు.

'లైఫ్' అన్న మాట వెనక మాత్రం ఒక వ్యాపారం ఉంది, దాన్ని దాచక్కర్లేదు. నాణెం వేసి ఆడే పాత మిషన్లలో ఒక నాణేనికి ఇన్ని ప్రాణాలని లెక్క. చస్తే ఇంకో నాణెం తీయాలి. ఇంట్లో ఆడే పెట్టె వచ్చాక నాణెం పోయింది, ప్రాణాల లెక్క మిగిలింది. ఇప్పుడు ఫోన్లలో ఆ నాణెం తిరిగొచ్చింది. ప్రాణాలు అయిపోతే ఆగమంటుంది, లేదంటే డబ్బు కట్టమంటుంది, మధ్యలో ప్రకటన చూడమంటుంది. ఆడుతున్నది పిల్లలో, పిల్లల్ని ఆడిస్తున్నది ఫోనో చెప్పడం కష్టం. మారియోలాంటి ఆటకు ఒక చివర ఉంది. కోట వస్తుంది, గెలుస్తారు, పేర్లు పడతాయి, టీవీ కట్టేస్తారు.

ఇది కూడా అందరికీ అందే ఆట కాదు. ఈ పెట్టె, ఒక్క ఆట కలిపితే మధ్యతరగతి ఇంట్లో ఒక నెల కిరాణా దాటిపోతుంది. మా బావమరిది తేకపోతే నేను కొనేవాణ్ని కాదు. అలాగే, టీవీ కట్టేయమంటే కట్టేసే పిల్ల అని మా అమ్మాయి గురించి గొప్పలు చెప్పలేను. రెండుసార్లు ఏడుపు, ఒకసారి రిమోట్ విసురు అయ్యాయి. ఆదివారాలు మాత్రమే, అదీ ఎవరో ఒకరు పక్కన కూర్చుంటేనే అని నియమం పెట్టుకున్నాం. పక్కన కూర్చోవాలన్న నియమం పిల్ల కోసం పెట్టింది. చివరికి ఎక్కువగా కట్టుబడింది మా అమ్మ.

"ఆ పాతది పెట్టవే"

పోయిన ఆదివారం యోషీని ఇచ్చారు అమ్మకు. దెబ్బ తగలని డైనోసార్ అయినా ఆవిడకు అంత రంగుల హడావుడిలో తను ఎక్కడుందో కనిపించలేదు. "ఇన్ని బొత్తాలు నావల్ల కాదు. మీ నాన్న చిన్నప్పుడు ఆడిన ఆ పాతది ఉందన్నావుగా, అది పెట్టవే" అంది. స్విచ్‌లో ఆ 1985 నాటి ఆట కూడా ఉంది. అమ్మాయి పెట్టింది.

నీలి ఆకాశం వచ్చింది. అమ్మ కళ్లజోడు సర్దుకుంది. "మనింట్లో ఇది ఇలా ఉండేది కాదే" అంది.

"మనది బ్లాక్ అండ్ వైట్ కదమ్మా."

"ఓహో." కాసేపు ఆకాశాన్నే చూసింది. ఆలోపు గూంబా వచ్చి తగిలింది. రెండోసారి దూకింది. మూడోసారి దాని నెత్తి మీద దిగి, "చచ్చావు పో" అంది. గొట్టాలు దాటడానికి పావుగంట పట్టింది. నాలుగో గొట్టం దిగాక మొదటి గొయ్యి ఎదురైంది. అక్కడ ఆగిపోయింది.

"ఇప్పుడు పరిగెత్తి దూకు నానమ్మా!"

"ఆగవే, నన్ను చూసుకోనీ." గోతికి ఇంకా నాలుగైదు అడుగుల దూరం ఉండగానే కంగారుపడి, నిలబడ్డ చోటే నిటారుగా ఒక గెంతు గెంతింది. అక్కడ పైన ఏమీ లేదు, ఒట్టి ఆకాశమే. మారియో తల ఆ ఒట్టి ఆకాశానికి ఠంగున తగిలింది. ఖాళీలోంచి ఒక పెట్టె ప్రత్యక్షమైంది. అందులోంచి ఆకుపచ్చ పుట్టగొడుగు బయటికొచ్చింది.

అమ్మాయి లేచి నిలబడింది. నేనూ లేచాను. ఆ వేసవంతా నలుగురం అదే చోటు మీదుగా వందలసార్లు పరిగెత్తి వెళ్లాం. పరిగెత్తేవాడికి ఆ పెట్టె తగలదు.

"పట్టుకో నానమ్మా, అది లైఫ్! పట్టుకో!"

ఆకుపచ్చ పుట్టగొడుగు కిందకు దిగి, తీరుబడిగా కుడివైపు జారుకుంటూ వెళ్లి గోతిలో పడిపోయింది.

"అయ్యో, అదీ పడిందే!" అని అమ్మ పకపకా నవ్వింది. తర్వాత గొయ్యి వైపు, గడియారం వైపు చూసి, మారియోను నడిపించుకుంటూ తీసుకెళ్లి ఆ గోతిలోకే దించేసింది.

"అదేంటి నానమ్మా!"

"ఉండవే. ఎక్కడుందో తెలిసిందిగా. మొదటినుంచి వస్తా."